మనుషుల పక్కనే ఉండాల్సిన మిసైల్: పొలారిస్ ఎ-1 కథ

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చేయండి, ఈ వరసలో ఖాళీలున్నాయి. వినపడుతోందా అందరికీ? సరే.

ఈ ఊరివాళ్లకి జలాంతర్గామి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో కురుసుర లోపలికి మీలో సగం మంది పైనే వెళ్లొచ్చి ఉంటారు. లోపల నడిచేటప్పుడు ఒకటి గమనించారా, టార్పెడోలు ఉన్న గదిలోనే పడుకునే బెర్తులు కూడా ఉంటాయి. అంటే మనిషి పడుకుంటే చెయ్యి చాపినంత దూరంలో పేలుడు సామాను. ఇప్పుడు ఆలోచించండి, అలాంటి చోట టార్పెడోలు కాదు, ఒక్కొక్కటి 13 టన్నుల బరువుండే రాకెట్లు 16 పెట్టాలి, ప్రతి దాని మీదా ఒక అణుబాంబు ఉండాలి, వాటి మధ్య వందమందికి పైగా మనుషులు రెండు నెలలు తిండి తిని నిద్రపోయి పనిచేసుకోవాలి. ఆ రాకెట్ ఎలాంటిదై ఉండాలి?

ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పొలారిస్ అంటే అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి వదలడానికి చేసిన అణు మిసైల్, దాని మొదటి రకం ఎ-1. ఆ పేరు అనగానే ఎంత దూరం వెళ్తుంది, బాంబు శక్తి ఎన్ని కిలోటన్నులు అనే మొదలుపెడతారు అందరూ. నాకు మాత్రం దాని డిజైన్ ఎంత చదివితే అంత, ప్రతి పెద్ద నిర్ణయం వెనకా ఈ నావికుడి భయమే కనపడుతుంది, ఇది నా పక్కన ఉంటే నాకేం కాకుండా ఉంటుందా అని.

ముందు ఒక మాట. మొట్టమొదట జలాంతర్గామి నుంచి బాలిస్టిక్ మిసైల్ వదిలింది అమెరికా కాదు. సోవియట్ యూనియన్. 1955 సెప్టెంబర్ 16న, వైట్ సీలో, బి-67 అనే జలాంతర్గామి నుంచి ఆర్-11ఎఫ్ఎం వెళ్లింది. తర్వాత మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ కట్టిన కొరొల్యోవ్ స్వయంగా ఆ రోజు జలాంతర్గామిలో ఉన్నాడు. కానీ ఎలా వదిలారు? పైకి తేలి, మిసైల్‌ని గొట్టంలోంచి పైకి లేపి, నిలబెట్టి అప్పుడు వదిలారు. రేంజ్ 150 కిలోమీటర్లు. ఇంధనం లిక్విడ్, దాన్ని మండించడానికి నైట్రిక్ యాసిడ్. యాసిడ్! మూసేసిన ఇనప గొట్టంలో మనుషులతో పాటు యాసిడ్ ట్యాంకులు. అయినా చేశారు, వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. మొదటి అడుగు వాళ్లదే, అది మర్చిపోకూడదు.

ఇప్పుడు అమెరికా వైపు రండి. 1955లో అమెరికా రక్షణ శాఖ ఏం చెప్పిందంటే ఆర్మీ, నేవీ కలిసి ఒకే మిసైల్ చెయ్యండి, పేరు జూపిటర్. ఆర్మీకి లిక్విడ్ ఇంధనం ఓకే, నేల మీద నిలబెట్టి నింపుకుంటారు. కిరోసిన్ లాంటిదొకటి, రెండోది లిక్విడ్ ఆక్సిజన్, మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉండాలి అది. ఊగే పడవలో, మూసిన గదిలో అది కారితే ఏమవుతుందో మీ కెమిస్ట్రీ మాస్టార్ని అడగండి. నేవీలో దీని గురించి తెలిసిన వాళ్లెవరికీ ఇది నచ్చలేదు. నచ్చకపోయినా ఆర్డర్ ఆర్డరే, కలిసి చెయ్యమన్నారు చేస్తున్నారు.

నేవీ చీఫ్ అప్పుడు అడ్మిరల్ ఆర్లీ బర్క్. ఆయన ఆ ఏడాది నవంబర్‌లో స్పెషల్ ప్రాజెక్ట్స్ ఆఫీస్ అని ఒకటి పెట్టి, రియర్ అడ్మిరల్ విలియం రాబోర్న్ అనే ఆయన చేతిలో పెట్టాడు. రాబోర్న్ రాకెట్ సైంటిస్ట్ కాదు, విమానాల వైపు నుంచి వచ్చిన ఆఫీసర్. బర్క్ ఆయనకో కాగితం రాసిచ్చాడు, దాని సారాంశం ఏంటంటే ఈయనకి డబ్బు కావాలంటే తెస్తాం, మనిషి కావాలంటే పంపిస్తాం, ఎక్కడైనా పని ఆగితే నాకు వెంటనే చెప్పాలి అని. మన ఆఫీసుల్లో ఒక ఫైలు కదలడానికి ఎంత పడుతుందో మీ ఇళ్లల్లో ఉద్యోగస్తులకి తెలుసు, అలాంటి కాగితం చేతిలో ఉంటే మనిషి ఎంత పని చెయ్యగలడో ఊహించుకోండి.

ఇక ఘన ఇంధనం సంగతి. సాలిడ్ అంటే మనకి తెలిసిందే, దీపావళి తారాజువ్వ ఘన ఇంధనమే. కారదు, ఆవిరి అవదు, నింపక్కర్లేదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మరి మొదటినుంచీ అదే ఎందుకు వాడలేదు? బలం చాలదు కాబట్టి. అప్పటి సాలిడ్ ఇంధనాలు విమానాలకి టేకాఫ్‌లో సాయం చెయ్యడానికి సరిపోయేవి గానీ, ఖండాల మధ్య మిసైల్‌కి సరిపోవు. ఇక్కడ ఇద్దరు మనుషుల పేర్లు చెప్పాలి నేను, కీత్ రంబెల్, చార్లెస్ హెండర్సన్, అట్లాంటిక్ రిసెర్చ్ అనే చిన్న కంపెనీ ఇంజనీర్లు. ఇంధనంలో అల్యూమినియం పొడి కలిపితే బలం పెరుగుతుందని అంతకుముందే తెలుసు, కానీ కొద్ది శాతం దాటాక ఇక లాభం లేదని లెక్కలు చెప్పేవి. వీళ్లు లెక్క పక్కనపెట్టి ఇంకా ఇంకా కలిపి కాల్చి చూశారు. చూస్తే బలం బాగా పెరిగింది! చిచ్చుబుడ్డిలో తెల్లగా మెరుస్తుందే, అది ఈ అల్యూమినియమే. అదే పొడి. లెక్క ఆగమన్న చోట ఆగకుండా చేసి చూశారు కాబట్టి పొలారిస్ వచ్చింది, లేకపోతే రాదు. ఇది రాసుకోండి కావాలంటే.

అయినా సాలిడ్‌తో వేసిన మొదటి డిజైన్ చూస్తే గుండె ఆగుతుంది. జూపిటర్-ఎస్ అన్నారు దాన్ని. బరువు 70 టన్నుల పైన, పొడవు 44 అడుగులు, వెడల్పు 10 అడుగులు. 8,500 టన్నుల జలాంతర్గామిలో నాలుగే పడతాయి. నాలుగంటే నాలుగు. ఎందుకంత పెద్దది? మోసుకెళ్లాల్సిన బాంబు అంత బరువు కాబట్టి.

1956 ఎండాకాలంలో నోబ్‌స్కా అని ఒక స్టడీ జరిగింది, మసాచుసెట్స్‌లో సముద్రం ఒడ్డున. అసలు పెట్టింది శత్రు జలాంతర్గాముల్ని ఎలా పట్టుకోవాలని మాట్లాడుకోవడానికి. అక్కడికి ఎడ్వర్డ్ టెల్లర్ వచ్చాడు, హైడ్రోజన్ బాంబు టెల్లర్. ఆయన అడిగిందేంటంటే, మీ మిసైల్ రెడీ అయ్యేది 1965 ప్రాంతంలో కదా, మరి 1958 నాటి బాంబుని దృష్టిలో పెట్టుకుని ఎందుకు డిజైన్ చేస్తున్నారు? అప్పటికి నేను మీకు చాలా తేలిక బాంబు ఇస్తాను అన్నాడు. లాస్ అలమోస్ అనే ఇంకో అణ్వాయుధ ల్యాబ్ వాళ్లు ఆయన చెప్పినంత శక్తి రాదు, అందులో సగం వస్తుంది అన్నారు. నేవీ వాళ్లు సగమైనా చాలు అన్నారు! బాంబు తేలికైతే మిసైల్ చిన్నదవుతుంది, మిసైల్ చిన్నదైతే జలాంతర్గామి చిన్నదవుతుంది, లేదా అదే సైజులో ఎక్కువ పడతాయి. 1956 డిసెంబర్‌లో నేవీ జూపిటర్ నుంచి బయటికొచ్చేసి పొలారిస్ మొదలుపెట్టింది. బరువు 70 టన్నుల నుంచి 13 టన్నులకి దిగింది. పొడవు 28 అడుగుల ఆరు అంగుళాలు, వెడల్పు 54 అంగుళాలు. నాలుగు కాదు, పదహారు.

టెల్లర్‌ని ఇష్టపడనివాళ్లు చాలామంది ఉన్నారు, కారణాలూ ఉన్నాయి. కానీ ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న.

1957 అక్టోబర్‌లో స్పుత్నిక్ ఎగిరింది. ఇంకేముంది, అమెరికా మొత్తం ఉలిక్కిపడింది. 1963లో అనుకున్నది 1960కే కావాలన్నారు. జలాంతర్గామి కొత్తగా డిజైన్ చేసి కట్టే టైమ్ ఎక్కడుంది? గ్రోటన్ షిప్‌యార్డ్‌లో స్కార్పియన్ అనే మామూలు దాడి జలాంతర్గామి కడుతున్నారు. దాన్ని మధ్యకి కోసేసి, 130 అడుగుల ముక్క కొత్తది అతికించారు, ఆ ముక్కలో 16 మిసైల్ గొట్టాలు. అదే జార్జ్ వాషింగ్టన్. 1959 డిసెంబర్ 30న నేవీలో చేరింది. స్కార్పియన్ పేరు తర్వాత కట్టిన ఇంకోదానికి పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. నీళ్ల కింద నుంచి రాకెట్ ఎలా వదులుతారు? చెప్పండి ఎవరైనా. లోపలే అంటిస్తారా? ...అవును, ఆ అమ్మాయి కరెక్ట్‌గా చెప్పింది, లోపల అంటించరు. మనుషులున్న చోట రాకెట్ మోటార్ వెలిగించడం అంటే ఏదైనా తేడా వస్తే అందరూ పోతారు. అందుకని కంప్రెస్డ్ ఎయిర్. గాలి ఒత్తిడితో మిసైల్‌ని గొట్టంలోంచి తోసేస్తారు, అది నీళ్లలోంచి పైకొచ్చాక అప్పుడు మొదటి స్టేజ్ వెలుగుతుంది. వెలగలేదనుకోండి? తిరిగి సముద్రంలో పడుతుంది, జలాంతర్గామిలో ఉన్నవాళ్లు బతికే ఉంటారు. గొట్టం మూత తెరిచినప్పుడు నీళ్లు లోపలికి రాకుండా పల్చటి పొర ఒకటి ఉంటుంది, మిసైల్ దాన్ని చీల్చుకుని పోతుంది. పోయిన వెంటనే ఆ గొట్టంలోకి సముద్రపు నీళ్లు వచ్చేస్తాయి, 13 టన్నులు ఒక్కసారి తగ్గితే జలాంతర్గామి పైకి లేచిపోతుంది కదా, ఆ నీళ్ల బరువుతో మళ్లీ సర్దుకోవాలి, అదే లోతులో నిలబడాలి, ఎందుకంటే వెనకాల ఇంకో పదిహేను ఉన్నాయి.

దీన్ని ఎలా టెస్ట్ చేశారో నాకు చాలా ఇష్టమైన భాగం. శాన్‌ఫ్రాన్సిస్కోలో హంటర్స్ పాయింట్ షిప్‌యార్డ్‌లో పెద్ద క్రేన్ ఉంది. అదే సైజు అదే బరువు డమ్మీని గొట్టంలోంచి గాలితో పైకి వదిలి, అది పైకెళ్లి కింద పడేలోపు క్రేన్‌కి ఉన్న తీగలతో గాల్లోనే పట్టేసేవాళ్లు. స్కైక్యాచ్ అన్నారు. 13 టన్నుల దుంగ గాల్లోకి లేస్తే తీగతో పట్టుకోవడం! డమ్మీ పగలకుండా దొరికితే మళ్లీ వాడుకోవచ్చు, మళ్లీ మళ్లీ చూడొచ్చు. తర్వాత శాన్ క్లెమెంటే అనే దీవి దగ్గర నీళ్ల అడుగున గొట్టం పెట్టి చేశారు. జలాంతర్గామి దాకా వెళ్లకముందే ఇదంతా. మనవాళ్లూ ఇదే దారి. 2008 ఫిబ్రవరిలో, జలాంతర్గామి కోసం చేసిన మన కె-15 మిసైల్‌ని మన విశాఖ తీరం దగ్గరే నీళ్లలో ముంచిన పాంటూన్, అంటే పడవలాంటి వేదిక నుంచి వదిలి చూశారు, జలాంతర్గామి నుంచి కాదు. మన అణు జలాంతర్గామి అరిహంత్ నీళ్లలోకి దిగింది మరుసటి ఏడాది జులైలో. కె-15 వెనక హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబుల పని ఉంది, మీలో కొందరు రేపు అక్కడే ఉద్యోగం చేస్తారేమో.

ఎగరడం మాత్రం తేలిగ్గా రాలేదు. 1958 సెప్టెంబర్ 24న కేప్ కనావరల్‌లో మొదటి టెస్ట్ మిసైల్, తిరగాల్సిన చోట తిరక్కుండా నిట్టనిలువుగా పోతూనే ఉంది, ఇక లాభం లేదని గాల్లోనే పేల్చేశారు. తర్వాత కూడా వరసగా ఫెయిల్యూర్లే. 1959 ఏప్రిల్ 20 దాకా పట్టింది ఒకటి సరిగ్గా వెళ్లడానికి.

సాలిడ్ రాకెట్‌తో ఇంకో చిక్కుంది, ఇంజనీరింగ్ పిల్లలు శ్రద్ధగా వినండి. లిక్విడ్ అయితే వాల్వు కట్టేస్తే ఆగుతుంది. సాలిడ్ అంటించాక ఆపలేం. కానీ బాంబు ఎక్కడ పడాలో అక్కడ పడాలంటే సరిగ్గా ఇంత వేగం రాగానే తోపు ఆగిపోవాలి, అర సెకను ఎక్కువైనా కిలోమీటర్లు తేడా. ఏం చేశారు? రెండో స్టేజ్ ముందు వైపు రంధ్రాలు పెట్టి మూసి ఉంచారు. వేగం రాగానే ఆ మూతలు ఊడిపోతాయి, మంట ముందుకి కూడా కొడుతుంది, తోపు పోతుంది, బాంబు విడిపోయి దాని దారిన అది పోతుంది. ఆపలేని మంటని ఆపకుండానే పనికిరాకుండా చెయ్యడం అనమాట. ఎంత అందమైన ఆలోచనండీ అది! దిశ మార్చడానికి జెటవేటర్ అని, మంట బయటికొచ్చే నాజిల్ చుట్టూ రింగు పెట్టారు, అది మంటలోకి కొంచెం వంగితే మంట పక్కకి తిరుగుతుంది. అది కనిపెట్టినాయన విల్లీ ఫీడ్లర్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఎగిరే బాంబు వీ-1 మీద పనిచేసిన ఇంజనీర్.

సరే, ఇదంతా మిసైల్. మరి జలాంతర్గామి ఎక్కడుందో జలాంతర్గామికి తెలియాలి కదా? నీళ్ల కింద నక్షత్రం కనపడదు, మామూలు రేడియో అందదు. మీరు ఎక్కడున్నారో రెండు కిలోమీటర్లు తప్పు లెక్కేస్తే బాంబు కూడా రెండు కిలోమీటర్లు తప్పు పడుతుంది. దానికి గైరోస్కోపులతో, అంటే దిశ మారకుండా వేగంగా తిరిగే చక్రాలతో నడిచే నావిగేషన్ యంత్రం పెట్టారు, ఒకటి కాదు మూడు, ఒకదాన్నొకటి సరిచూసుకోవడానికి. కానీ గైరో ఎంత మంచిదైనా రోజులు గడిచేకొద్దీ పక్కకి జారుతుంది. అప్పుడప్పుడు బయట నుంచి సరిచెయ్యాలి. ఇక్కడే ఒక మంచి కథ. స్పుత్నిక్ ఎగిరినప్పుడు జాన్స్ హాప్కిన్స్ ల్యాబ్‌లో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని బీప్ బీప్ విని, అది దగ్గరికొచ్చేటప్పుడూ దూరమయ్యేటప్పుడూ సిగ్నల్ మారే డాప్లర్ తేడా చూసి, అది ఏ కక్ష్యలో తిరుగుతోందో కనిపెట్టారు. 1958లో వాళ్ల పైఆఫీసర్ మెక్‌క్లూర్ పిలిచి, దీన్ని తిరగేయలేమా అన్నాడు, ఉపగ్రహం ఎక్కడుందో తెలిస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది కదా అని. అదే ట్రాన్సిట్ ఉపగ్రహాలకి మొదలు. మీరివాళ ఈ హాలుకి ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వచ్చారే, ఆ దారిలో మొదటి రాయి వేసింది పొలారిస్ జలాంతర్గాముల అవసరం. సోవియట్ ఉపగ్రహం భయపెట్టింది, దారి కూడా అదే చూపించింది.

1960 జులై 20. కేప్ కనావరల్ దగ్గర సముద్రంలో జార్జ్ వాషింగ్టన్ మునిగి ఉంది. రాబోర్న్ కూడా లోపలే ఉన్నాడు. గమనించండి, ఒడ్డున నిలబడి చూడలేదు, లోపల ఉన్నాడు. మధ్యాహ్నం 12 గంటల 39 నిమిషాలకి మొదటి పొలారిస్ నీళ్లు చీల్చుకుని వచ్చి వెలిగింది. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్‌కి మెసేజ్ వెళ్లింది, సముద్రం అడుగు నుంచి లక్ష్యం దాకా అంతా పర్‌ఫెక్ట్ అని. కొద్దిసేపటికే రెండోది కూడా వదిలారు. ఒకటి వెళ్తే అదృష్టం అంటారు, రెండోది వెళ్తే ఇక నోరెత్తరు. ప్రాజెక్ట్ మొదలైన నాలుగేళ్ల లోపే.

అదే ఏడాది నవంబర్ 15న జార్జ్ వాషింగ్టన్ చార్ల్‌స్టన్ నుంచి నిజమైన మిసైళ్లతో బయలుదేరింది. 66 రోజులు నీళ్ల కిందే ఉండి 1961 జనవరి 21న తిరిగొచ్చింది. దాన్ని నడిపే అణు రియాక్టర్‌కి అలుపు లేదు, గాలీ నీళ్లూ లోపలే తయారవుతాయి, అలిసేది మనిషే. అందుకని ఒక్కో జలాంతర్గామికి రెండు సిబ్బందిని పెట్టారు, బ్లూ అని గోల్డ్ అని. ఒకళ్లు సముద్రంలో ఉంటే ఇంకొకళ్లు ఇంటి దగ్గర, ట్రైనింగ్‌లో.

లోపలున్నవాళ్లకి ఇంటి కబురు ఎలా? ఫ్యామిలీగ్రామ్ అని ఉండేది. భార్యో అమ్మో పది పదిహేను మాటల్లో రాసిస్తే అది రేడియోలో వెళ్లేది. బాబుకి పళ్లు వస్తున్నాయి, అందరం బాగున్నాం, అంతే. జవాబు మాత్రం రాదు. జలాంతర్గామి రేడియో వాడితే ఎక్కడుందో తెలిసిపోతుంది కాబట్టి అది వినడమే తప్ప మాట్లాడదు. కొడుకు పుట్టాడని కబురు వస్తే సంతోషాన్ని కూడా తిరిగి పంపలేడు. నాకు ఈ మొత్తం కథలో రాకెట్ కన్నా ఇది ఎక్కువ బరువుగా అనిపిస్తుంది.

ఆ కబురైనా ఎలా చేరుతుందంటే వీఎల్ఎఫ్, చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు, అవే నీళ్లలోకి కొన్ని మీటర్లు దిగుతాయి. దానికి అమెరికా మెయిన్ రాష్ట్రంలో కట్లర్ అనే చోట పెద్ద పెద్ద టవర్లు కట్టింది. మీరు పేపర్లలో చదివుంటారు, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నేవీ రాడార్ స్టేషన్ అని, 2024లో శంకుస్థాపన చేశారు, చెట్ల గురించి గొడవలూ జరిగాయి. రాడార్ అని రాస్తున్నారు గానీ అది ఇదే, జలాంతర్గాములతో మాట్లాడే వీఎల్ఎఫ్ కేంద్రం. సముద్రం లేని తెలంగాణలో నేవీకి పనేంటి అని అడిగేవాళ్లకి ఇదీ జవాబు. అడవి గురించి అడిగేవాళ్లది న్యాయమైన ప్రశ్నే, దానికి వేరే జవాబు కావాలి.

ఎ-1 రేంజ్ రెండువేల కిలోమీటర్లకి అటూ ఇటూ. అంటే సోవియట్ నగరాలకి చాలా దగ్గరగా వెళ్లి తిరగాలి, అమెరికా నుంచి వెళ్లి రావడానికే చాలా రోజులు పోతాయి. అందుకే 1961 మార్చిలో స్కాట్లండ్‌లో హోలీ లాక్ అనే చోట సప్లై ఓడ ప్రోటియస్‌ని దింపారు. అక్కడి జనం ఊరుకుంటారా, మా పిల్లలు ఆడుకునే నీళ్లలో అణుబాంబులేంటని చిన్న చిన్న పడవలేసుకుని అడ్డంగా వెళ్లారు. వాళ్ల భయం కూడా అదే భయం చూశారా? నావికుడిదీ, ఒడ్డునున్న అమ్మదీ ఒకటే ప్రశ్న, ఇది నా పక్కన ఉంటే నాకేం కాదా?

ఈ ప్రశ్నకి ఇచ్చిన ఒక జవాబు ఎలా తిరగబడిందో చెప్పి ముగిస్తాను. పొలారిస్ బాంబు పేరు డబ్ల్యూ-47, లివర్‌మోర్ ల్యాబ్ చేసింది, ఎ-1 మీద దాదాపు 600 కిలోటన్నులు. హిరోషిమా బాంబు 15, ఇది 600. ప్రమాదంలో, అంటే మంటల్లోనో కింద పడితేనో ఇది అణు పేలుడుగా మారుతుందేమోనని ఒక అనుమానం వచ్చింది. డిజైన్ మార్చి పేల్చి చూద్దామంటే 1958 చివర నుంచి అణు పరీక్షలు ఆపేసి ఉన్నారు. సరే, పరీక్ష లేకుండా చెయ్యగలిగేది చేశారు, బాంబు గుండెలోకి న్యూట్రాన్లని మింగేసే తీగ ఒకటి చుట్టి పెట్టారు. తీగ ఉన్నంతసేపు బాంబు బాంబు కాదు. వదిలాక చిన్న మోటార్ ఆ తీగని బయటికి లాగేస్తుంది, అప్పుడే బాంబు.

బాగుంది కదా? కానీ ఏళ్లు గడిచేసరికి ఆ తీగ పెళుసెక్కింది. లాగితే పుటుక్కున తెగిపోతోంది. తెగితే ముక్క లోపలే ఉండిపోతుంది, ఉంటే అది పేలదు. 1960ల మధ్యలో ఇది బయటపడేసరికి, సముద్రంలో తిరుగుతున్న డబ్ల్యూ-47 బాంబుల్లో పెద్ద భాగం అవసరమొస్తే పనిచెయ్యకపోవచ్చని తేలింది. 1962 మే 6న ఈతన్ అలెన్ జలాంతర్గామి పసిఫిక్‌లో నిజమైన బాంబుతో పొలారిస్ వదిలింది, అది నిజంగానే పేలింది, జలాంతర్గామి నుంచి అమెరికా అలా చేసింది ఆ ఒక్కసారే. అది చూసి అంతా బాగానే ఉందనుకున్నారు. పేలింది ఒకటి, గిడ్డంగిలో వయసు పైబడుతున్నవి వందలు. చివరికి ఆ బాంబులన్నీ విప్పి బాగు చెయ్యాల్సి వచ్చింది.

దీన్ని కొందరు ఫెయిల్యూర్ అంటారు. నేను ఒప్పుకోను. తీగ ఉన్నన్నాళ్లూ జలాంతర్గామిలో ఒక్క మనిషి కూడా అణు ప్రమాదంలో పోలేదు, హోలీ లాక్‌లో ఏ ఇల్లూ కాలలేదు. తప్పు తీగ పెట్టడంలో లేదు, పెట్టాక ఏళ్ల తరబడి దాన్ని తీసి చూసే పద్ధతి సరిగ్గా లేకపోవడంలో ఉంది. మెయింటెనెన్స్ అంటే చిన్నచూపు మనకి, కొత్తది కనిపెట్టినవాడికి పేరు, ఉన్నది తీసి చూసేవాడికి ఏమీ ఉండదు. కానీ ఇక్కడ తీసి చూసినవాడే పట్టుకున్నాడు.

ఎ-1 సర్వీసు మొత్తం అయిదేళ్లే. జార్జ్ వాషింగ్టన్ తరహా అయిదు జలాంతర్గాములు దాన్ని మోశాయి, 1965 అక్టోబర్ 14న అబ్రహాం లింకన్ గస్తీ ముగించుకుని తిరిగి రావడంతో అది రిటైర్ అయింది. అప్పటికే ఎ-2, ఎ-3 వచ్చేశాయి, ఎ-3 రేంజ్ 4,600 కిలోమీటర్లు, అంటే తిరగడానికి సముద్రం అన్నివైపులా పెరిగింది. బ్రిటన్ కూడా 1962లో ఒప్పందం చేసుకుని పొలారిస్ తీసుకుంది, వాళ్ల దగ్గర 1996 దాకా నడిచింది.

టైమ్ అయిపోయింది, ఇంకా పది నిమిషాలు ఇస్తామన్నారు. ఆ తోపు ఆపే రంధ్రాల గురించి ఇందాక ఎవరో చెయ్యెత్తారు, ముందు వాళ్లు అడగండి.